పక్కన కూర్చునే మనిషి సంచి

పెద్దమ్మ పోయిందని నాన్న ఫోన్ చేసేసరికి నేనెక్కిన ప్యాసింజరు నిడుబ్రోలు స్టేషన్లో ఆగి ఉంది. బాపట్లలో ఎక్కవలసిన బండి కళ్లముందే వెళ్లిపోతే, గంటన్నర కూర్చుని ఎక్కిన బండి అది. ఒళ్లో ఒక బ్యాగు, కాళ్ల దగ్గర ఇంకొకటి.

"అమ్మా, పెద్దమ్మ లేదమ్మా. ఇప్పుడే ఆస్పత్రి నుంచి చెప్పారు" అన్నాడు నాన్న. ఆయన గొంతు వెనక కూడా రైలు చప్పుడే వినిపిస్తోంది.

"దగ్గర ఎవరున్నారు నాన్నా?"

"ఎవరూ లేరమ్మా. నేను రేపల్లె నుంచి వస్తున్నాను, ఇంకా వేమూరు దాటలేదు. నువ్వు ఈపాటికి వచ్చేసి ఉంటావనుకున్నాను" అన్నాడు.

ఇది జరిగి నెల దాటింది. ఆమె గురించి రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా నాన్న చెప్పిన ఆ చివరి మాట దగ్గరే ఆగిపోతున్నాను. ఎంతమంది మంచాల పక్కన కూర్చుందో లెక్కలేని మనిషి, తన వంతు వచ్చేసరికి ఒక్కతే పోయిందా? నిడుబ్రోలు నుంచి తెనాలి దాకా ఆ రోజు నేను ఇంకేమీ ఆలోచించలేదు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. రేపల్లెలో మా ఇంటి వెనక వాటాలో అద్దెకు ఉండేది. చీరాల నుంచి వచ్చే చీరలకు ఫాల్స్ కుట్టేది, కొంగులకు కుచ్చులు ముడేసేది. భర్త ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. అమ్మ ఆమెను అక్కయ్యగారు అనేది కాబట్టి నాకు పెద్దమ్మ. మా వీధిలో ఒకరికి అత్తయ్య, ఇంకొకరికి వదినగారు.

మీలో తెనాలి రేపల్లె బండిలో తిరిగేవాళ్లుంటే ఆమెను చూసే ఉంటారు. తలుపు పక్క సీటులో, ఒళ్లో చిన్న చారల సంచి పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చునే బక్కపలచటి మనిషి. ఎక్కువసార్లు ఆ పక్కన ఇంకెవరో ముఖం వేలాడేసుకుని ఉంటారు. వాళ్లు ఆస్పత్రికి వెళ్తున్నవాళ్లు. ఈమె వాళ్లకు తోడు వెళ్తున్నది.

మా ఊళ్లో జబ్బు కొంచెం ముదిరితే డాక్టర్లు తెనాలి తీసుకెళ్లమంటారు. తీసుకెళ్లడం కష్టం కాదు. చేర్చాక పక్కన ఎవరుంటారన్నదే కష్టం. మగాయనకు డ్యూటీ, ఆడమనిషికి ఇంటి దగ్గర పిల్లలు, ముసలివాళ్లకు నడుం నొప్పి. అప్పుడు ఎవరో ఒకరు మా సందులోంచి వెనక వాటాకు వెళ్లేవాళ్లు. పెద్దమ్మ ఏమైందని ఒక్కసారి అడిగేది. సూదిని దారపు ఉండకు గుచ్చి, చీర మడిచి, మిషను మీద గుడ్డ కప్పి, మేకుకు ఉన్న సంచి తీసుకుని చెప్పులేసుకునేది. నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు గడియారం పెట్టుకుని చూశాను. ఐదు నిమిషాలు పట్టలేదు.

ఆ సంచి పాత జంపఖానా ముక్కతో ఆమె కుట్టుకున్నదే. అందులో ఒక పలచటి నేత చీర, దాని మీదికి జాకెట్టు, లంగా, ఒక తుండు ఉండేవి. నాలుగు మడతలు పెట్టిన ఒక ముతక చీర ఉండేది, పరుచుకోవడానికీ కప్పుకోవడానికీ అదే. స్టీలు గ్లాసు, ఆ గ్లాసులోనే చెంచా. నాలుగు పిన్నీసులు, మూరెడు నాడా. నాడా ఎందుకని అడిగితే, సెలైను గొట్టం ఊగకుండా మంచానికి కట్టడానికంది. తిండి పెట్టుకునేది కాదు. దిండు లేదు. రెండో చీర లేదు.

"ఇంకో చీర పెట్టుకోవచ్చుగా పెద్దమ్మా?" అన్నాను ఒకసారి.

"ఎక్కడ పెట్టాలే, నీ నెత్తి మీదా?" అంది. తర్వాత కుట్టు ఆపి, నేల మీద వేలితో గీసి చూపించింది. ఇది మంచం, ఇది పక్క మంచం. మధ్యలో మనిషి అడ్డంగా పడుకుంటే సరిపోయే సందు. మంచం కింద బకెట్టు, బెడ్‌పాను, మందుల కవరు. అవి పోగా మిగిలిన చోటే మన సంచిది. "అక్కడ మనం సద్దుకుపోవాలి గానీ జబ్బు మనిషి కాదుగా" అంది.

నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా అమ్మకు పిత్తాశయంలో రాళ్లు తీయించాల్సి వచ్చింది. రెండు రోజులు కూర్చుని సామాను సర్దాను. అమ్మ చీరలు ఆరు, నావి నాలుగు జతలు, దుప్పట్లు, దిండు, ఫ్లాస్కు, కారప్పొడి, ఆవకాయ, అటుకులు, పుస్తకాలు. పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది.

"ఏంటే, తెనాలిలో కాపురం పెడతన్నావా?"

"పది రోజులుండాలేమో పెద్దమ్మా."

"పది రోజులుంటే ఐదుసార్లు ఉతుక్కుంటావు. దానికి ఇన్ని బట్టలా?"

నేను విన్లేదు. తెనాలిలో బండి దిగి మెట్ల వంతెన ఎక్కుతుంటే సగంలో అమ్మకు కళ్లు తిరిగాయి. నాన్న భుజం మీద సూట్‌కేసు, ఇంకో చేతిలో మూట. నా రెండు చేతుల్లో రెండు బ్యాగులు. నేను అవి కింద పెట్టేలోపే పెద్దమ్మ సంచి లేని చెయ్యి అమ్మ నడుం చుట్టూ ఉంది. అమ్మను మెట్టు మీద కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, అప్పుడు నా వైపు చూసింది.

"మీ అమ్మ వెంట ముగ్గురం వచ్చాం. ఆరు చేతులు. అయిదు సామానుకే సరిపోయినయ్" అంది. కోపంగా కాదు. ఉన్న మాట చెప్పినట్టు.

అంతటితో నా తెలివి అయిపోలేదు. మా ఇంట్లో విలువైన కాగితం ఏదైనా బీరువాలో చీరల కింద ఉంటుంది. ఆ అలవాటుకొద్దీ స్కాను రిపోర్టులు సూట్‌కేసు అడుగున, అమ్మ చీరలన్నిటి కింద, భద్రంగా పెట్టాను. డాక్టరుగారి గది ముందు మా పేరు పిలిచి రిపోర్టులు తెమ్మన్నారు. అక్కడే వరండాలో, అందరి కాళ్ల మధ్య, సూట్‌కేసు తెరిచాను. ఒక్కొక్క చీరే బయటికి తీస్తుంటే ఏడుపు వచ్చేసింది. పెద్దమ్మ పక్కన గొంతుక్కూర్చుని, నేను తీసిన చీర తీసినట్టే తన ముంజేతి మీద వేసుకుంటూ, ఎదురు బెంచీ మీద ఉన్న ఆడవాళ్లతో అంది:

"చూడండమ్మా, అన్నీ మంచి రకాలే. ఏ రంగు తియ్యమంటారు?"

బెంచీ అంతా నవ్వింది. అమ్మ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు ఏడుపు ఆగింది, రిపోర్టులు దొరికాయి.

ఆ సాయంత్రం గదిలో నా సామానంతా రెండు కుప్పలు చేసి, పెద్ద కుప్ప నాన్నతో రేపల్లె పంపించేసింది. మిగిలిన వారం రోజుల్లో ఆ కుప్పలోది ఒక్క వస్తువు కూడా కావాలనిపించలేదు. ఆవకాయ తప్ప. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఆ వారం ఆమె పక్కన కూర్చునే తీరు చూశాను. ఊరికే మాట్లాడేది కాదు. అమ్మ మూలిగితే ఏమైందని అడగకుండా, ఏ పక్కకు తిరగాలో చూసి నడుం కింద చెయ్యి వేసేది. డాక్టరు చెప్పినది మళ్లీ అమ్మకు తేలిక మాటల్లో చెప్పేది. కోపం మాత్రం చాలా ఉండేది. అమ్మను చూడ్డానికి మా దూరపు చుట్టం ఒకాయన వచ్చి, మంచం మీదే కూర్చుని, ఇదే ఆపరేషను చేయించుకుని ఎవరెవరు పోయారో చెప్పడం మొదలుపెట్టాడు.

"అన్నయ్యగారూ, మీ బస్సు టైమైందండి" అంది పెద్దమ్మ.

"నా బస్సు ఐదింటికమ్మా. ఇంకా రెండు గంటలుంది."

"ముందే వెళ్లి కూర్చోండి. కిటికీ పక్క సీటు దొరుకుతుంది."

ఆయన లేచి వెళ్లిపోయాడు. ఇప్పటికీ మా ఇంటికి రాడు.

నేను అప్పుడప్పుడే మాటలు రాసుకునే నోటుపుస్తకం ఒకటి మొదలుపెట్టాను. కొత్తగా ఏ మాట నచ్చినా అందులో ఎక్కించేదాన్ని. అమ్మ నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం, "అందరికీ ఇంత సాయం చేస్తావుగా పెద్దమ్మా, విసుగు రాదా?" అని అడిగాను.

"నేను సాయం ఎక్కడ చేశానే? సాయం చేసేవాళ్లు పనవ్వగానే వెళ్లిపోతారు. నేను ఊరికే తోడుంటాను. పనేం లేకపోయినా ఉంటాను" అంది. ఆ పుస్తకంలో పుస్తకాల్లోంచి కాక మనిషి నోటి నుంచి విని రాసుకున్న మొదటి మాట అది.

బాపట్లలో కాలేజీ సీటు వచ్చాక, హాస్టలుకు బయల్దేరే ముందు రోజు నా బ్యాగు ఆమెకు చూపించాను. విప్పి చూడలేదు. "భుజానికి తగిలించుకుని వీధి చివరిదాకా వెళ్లి రా" అంది. వెళ్లి వచ్చాను. "ఇప్పుడేది తీద్దాం?" అంది. బరువైన షాంపూ సీసా తీశాను. "మళ్లీ వెళ్లి రా." అలా నాలుగు తిరుగుళ్లు. వీధిలోవాళ్లు అరుగుల మీద కూర్చుని నవ్వారు. నాలుగోసారి వచ్చేసరికి ఆయాసం లేదు, చెమట లేదు. అప్పుడు బ్యాగు అందుకుని ఒక చేత్తో పైకెత్తి చూసి, "ఇక ఏ ఊరైనా పో" అంది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ చదువు నాకు ఎక్కువ కాలం నిలవలేదు. హాస్టలు గదిలో మెల్లగా అన్నీ చేరాయి. రెండేళ్లలో మంచం కిందా, పైనా, అలమారలో చోటు లేకుండా అయింది.

ఆమె పోయిన రోజు, తెల్లవారుతుండగా పెద్దమ్మే మా తలుపు తట్టిందట. "తమ్ముడూ, గుండెల్లో కొంచెం పట్టేసినట్టుంది. తెనాలి పోదామా" అందట నాన్నతో. అప్పటికే చెప్పులేసుకుని ఉంది. చేతిలో సంచి ఉంది. తన గది తాళం వేసి చెవి నాన్న చేతిలో పెట్టింది. అమ్మ కాలు విరిగి కట్టులో ఉండటంతో నాన్న ఒక్కడే కారు మాట్లాడి తీసుకెళ్లాడు. చేర్చుకున్నారు, మందులిచ్చారు. కాసేపటికి నొప్పి తగ్గింది, గండం లేదన్నారు. ఆడవాళ్ల వార్డులో మంచం ఇచ్చారు. తర్వాత, ఆరోగ్య కార్డు, పాత మందుల చీటీలు కావాలన్నారు.

నాన్న సంచి విప్పాడు. నేత చీర, తుండు, ముతక చీర మడత, గ్లాసు, చెంచా, పిన్నీసులు, నాడా. ఇంకేం లేవు. సంచిని తిరగేసి దులిపాడట. ఊళ్లో ఎవరు బయల్దేరుతున్నా "కార్డు పెట్టుకున్నారా, చీటీలు పెట్టుకున్నారా" అని గుమ్మంలో ఆపి అడిగిన మనిషి ఆమె. ఆమె సంచిలో ఆమె పేరున్న కాగితం ఒక్కటి లేదు. అది జబ్బు మనిషి సంచి కాదు. ఇన్నేళ్లూ జబ్బు మనిషి పక్కన కూర్చోవడానికే సర్దిన సంచి. మంచం మీద తానే పడుకునే రోజు ఒకటి వస్తుందని ఆమెకు తోచనే లేదు.

"ఉన్నాయి తమ్ముడూ, ఇంట్లో రేకుపెట్టెలో ఉన్నాయి" అని మాత్రం అందట, తప్పు చేసిన పిల్లలాగా. అమ్మను వెతకమందామంటే తాళంచెవి నాన్న జేబులో ఉంది. అప్పుడు నాన్న నాకు ఫోన్ చేశాడు.

"నేను రేపల్లె వెళ్లి కార్డు తెస్తాను. నువ్వు వెంటనే బండెక్కి రామ్మా. నువ్వు వచ్చేదాకా ఒక్కతే ఉంటుంది."

స్టేషను మా హాస్టలుకు దగ్గరే. బండికి నలభై నిమిషాల టైముంది. నేను పెద్దమ్మ పక్కన వారం రోజులుండాలనుకున్నాను. ఉత్త చేతులతో వెళ్లకూడదనుకున్నాను. రెండు దుప్పట్లు తీశాను. ఆమెకు వేడినీళ్లు కావాలని ఫ్లాస్కు తీశాను. రికార్డు పని మిగిలింది కదా అని లాప్‌టాపు, ఛార్జరు, రెండు లావుపాటి పుస్తకాలు. మాటల నోటుపుస్తకం కూడా పెట్టాను. మళ్లీ ఏమైనా చెబితే రాసుకుందామని. అన్నీ అయ్యాక ఫ్లాస్కు మూత కనిపించలేదు. మూత కోసం మూడు గదులు తిరిగాను. ఆ మూత లేకుండా కూడా బండి ఎక్కవచ్చని నాకప్పుడు తోచలేదు.

ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి చివరి పెట్టె వెళ్లిపోతోంది. చేతుల్లో ఏమీ లేకపోతే పరిగెత్తి అందుకునేదాన్నేమో. తెలియదు. బస్సులో వెళ్దామంటే పొన్నూరు మీదుగా అదీ అంతే ఆలస్యం. బెంచీ మీద కూర్చుని, నాన్నకు ఫోన్ చేయడానికి మొహం చెల్లక ఊరుకున్నాను.

తెనాలిలో వార్డు దొరకడానికి కష్టపడలేదు. ఎన్నోసార్లు వచ్చిన ఆస్పత్రే. సిస్టరు నన్ను పక్క గదికి తీసుకెళ్లింది. పెద్దమ్మను అక్కడికి మార్చారు. ఆమె ముఖం మామూలుగా ఉంది, రైల్లో కళ్లు మూసుకుని కూర్చున్నట్టే. చెయ్యి పట్టుకున్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బయటికి వచ్చి సిస్టరును అడిగాను.

"పోయేటప్పుడు దగ్గర ఎవరైనా ఉన్నారాండి?"

"డాక్టరుగారు, మేము ఉన్నామమ్మా" అంది. కొంచెం ఆగి, వార్డులోకి వేలు చూపించింది. "ఆ అమ్మాయి కూడా ఉంది."

ఖాళీ చేసిన మంచం పక్కన, రెండు మంచాల సందులో, నాకంటే అయిదారేళ్లు పెద్దదైన ఒకావిడ కూర్చుని ఉంది. అటు మంచం మీద ఆమె అత్తగారు నిద్రపోతోంది, పసుపుపచ్చగా పాలిపోయి. నేను దగ్గరికి వెళ్లగానే ఆమే లేచింది.

"బాపట్ల నుంచా?" అంది.

తలూపాను.

"నేనున్నా చెల్లీ" అంది.

వాళ్లది పెనుమూడి. అత్తకు కామెర్లు వస్తే చేర్చి మూడు రోజులైందట, ఒక్కతే చూసుకుంటోందట. నాన్న వెళ్లాక పెద్దమ్మే ముందు పలకరించిందని చెప్పింది.

"నిద్రపోయి ఎన్నాళ్లైందమ్మా అనడిగింది నన్ను. మూడు రోజులైందండి అన్నా. నువ్వు కాసేపు వాలు, నేను చూస్తాలే అంది. నాకు నవ్వొచ్చింది, ఆవిడే పేషంటు కదా. వద్దన్నా వినలేదు. లేచి మా అత్త మంచం మీద కూర్చుంది. అత్త జుట్టు అట్టలు కట్టి ఉందని నా దువ్వెన అడిగింది. మీకే బాలేదు కదండీ అంటే, 'చేతులకేం కాలేదుగా' అంది."

"తర్వాత?"

"సగం దువ్విందో లేదో, చెమటలు పట్టినయ్. నేను కేకేశా. అందరూ వచ్చారు, సూదులేశారు. నేను చెయ్యి పట్టుకునే ఉన్నా. 'మీ అత్తని చూసుకో, పో' అంది. నేను పోలేదు చెల్లీ."

"నా గురించి ఏమైనా అందా అక్కా?"

ఆమె చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది. "అంతకుముందే, దువ్వుతా దువ్వుతా రెండుసార్లు టైము అడిగింది. మా అమ్మాయి బాపట్ల బండికి వస్తంది అంది. వచ్చేస్తదండి అన్నా. రెండోసారి కూడా అదే అన్నా."

ఒక్కతే పోలేదు. ఆ జవాబు పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. కానీ ఆ చెయ్యి నాది కావలసింది. ఈ రెండూ నిజమే. నెల రోజులుగా ఒకటి ఇంకొకదాన్ని చెరిపేస్తుందేమోనని చూస్తున్నాను, చెరపడం లేదు.

నాన్న ఎక్కిన బండి ఎక్కడో ఆగిపోయి ఇంకా రాలేదు. పెనుమూడి అక్క కళ్లు మూతలు పడుతున్నాయి.

"నువ్వు పడుకో అక్కా. నేను చూస్తాను" అన్నాను.

ఆమె ఆ సందులోనే ముడుచుకుని పడుకుని నిమిషంలో నిద్రపోయింది. నేను ముసలావిడ మంచం పక్కన స్టూలు లాక్కుని, సెలైను చుక్కలు చూస్తూ కూర్చున్నాను. ఆమె అటు తిరిగి పడుకుని ఉంది. కుడివైపు జుట్టంతా చిక్కు తీసి, నున్నగా దువ్వి, చెవి వెనక్కి తోసి ఉంది. నడినెత్తి దాటాక ఎడమవైపంతా ఉండలు కట్టిన చిక్కే. ఆ రెండింటి మధ్య, చిక్కులో గుచ్చి వదిలేసిన దువ్వెన, ఆమె ఊపిరి తీసుకున్నప్పుడల్లా కొంచెం లేచి, కొంచెం దిగుతోంది.